ఏరేటర్ మోటార్ రోటర్‌కి వైరే లేదు, మరి ఎలా తిరుగుతుందండి?

ఉండి కుర్రోడు:
మాది భీమవరం దగ్గర రొయ్యల చెరువండి. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ మోటార్ కాలితే వైండింగ్‌కి ఇచ్చాం, షాపాయన విప్పుతుంటే చూశా. బయట కదలకుండా ఉండే స్టేటర్‌లో రాగి తీగ చుట్టలున్నాయి సరే, లోపల తిరిగే రోటర్‌కి ఒక్క వైరు లేదు, బ్రష్‌లు లేవు, ఉత్తి ఇనప దిమ్మలా ఉంది. కరెంటే వెళ్ళనిది ఎలా తిరుగుద్ది? ప్లేట్ మీద 1440 ఆర్‌పీఎం అని కూడా ఉంది, ఆ లెక్కేంటో?

కాలవగట్టు:
కరెంట్ ఉంటుందండి, బయట్నుంచి ఇవ్వరంతే. మూడు ఫేజులు ఒకదాని వెనక ఒకటి పెరిగి తగ్గుతుంటాయి, వాటి చుట్టలు స్టేటర్ చుట్టూ సర్ది ఉంటాయి కాబట్టి అన్నీ కలిసి పుట్టించే అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది, అక్కడ ఏ ముక్కా కదలకుండానే. మీరు చూసిన దిమ్మలో అల్యూమినియం కడ్డీలు పోతపోసి ఉంటాయి, రెండు చివర్లా రింగులతో కలిపేసి. క్షేత్రం వాటిని దాటుకుంటూ పోతుంటే ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీలో పుట్టినట్టే వాటిలో కరెంట్ పుడుద్ది, ఆ కరెంట్‌కీ క్షేత్రానికీ మధ్య వచ్చే తోపే షాఫ్ట్‌ని తిప్పేది. 1888లో ఇంజనీర్ నికోలా టెస్లాకి పేటెంట్ వచ్చింది దీనికే.

ఇక 1440. నాలుగు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు), 50 హెర్ట్జ్ అంటే క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుద్ది (60 సెకన్లు × 50 ÷ 2 జతల పోల్స్). రోటర్ కూడా 1500 అందుకుందనుకోండి, కడ్డీలకి క్షేత్రం కదలనట్టే, కరెంటూ ఉండదు తోపూ ఉండదు. అందుకే ఎప్పుడూ కాస్త వెనకే ఉంటుంది. ఆ 60 తేడానే స్లిప్, 4 శాతం. లోడ్ పెరిగితే ఇంకాస్త వెనకపడి ఎక్కువ ఆంప్స్ లాగుద్ది.

పాలకొల్లు వైండర్:
ఆయ్, అదంతా సరేగానీ ఎందుకు కాలిందో అడగరేంటండి? మా దగ్గరికొచ్చే ఏరేటర్ మోటార్లు ఎక్కువ ఫేజ్ పోయినవే. ఒక ఫేజ్ పోతే ఆగున్న మోటార్ లేవదు, మూలుగుతూ కూర్చుంటుంది, అది నయం, తెలిసిపోద్ది. నడిచేదైతే ఆగదు, మిగతా రెండిట్లోంచే లాగేసి మాడిపోద్ది. స్టార్ కనెక్షన్‌లో (మూడు చుట్టల ఒక్కో కొస ఒకేచోట కలిపేది) అయితే రెండు ఫేజుల చుట్టలు బొగ్గయిపోయి మూడోది కొత్తదానిలా ఉంటుంది, చూడగానే చెప్పేయొచ్చు.

ఉండి కుర్రోడు:
అచ్చం అలాగే ఉందండి!! రాత్రి ఏరేటర్ ఆగితే రొయ్యలు పైకి తేలిపోతాయని భయం, అందుకే ఆపకుండా నడిపేస్తాం. మరి బిగించాక చక్రం వెనక్కి తిరిగితే?

పాలకొల్లు వైండర్:
మెయిన్ ఆఫ్ చేసి ఏవైనా రెండు ఫేజులు అటూఇటూ మార్చండి, క్షేత్రం తిరగబడుద్ది, మోటారూ అంతే. స్టార్టర్‌లో సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టించండి, ఒక ఫేజ్ పోతే మోటార్‌ని ఆపేసేది, రీవైండింగ్ కంటే చవక.