జావాస్క్రిప్ట్ లేకపోయినా బటన్ పని చేయాలా? ఈ రోజుల్లో కూడానా?

రాత్రిషిఫ్ట్:
ఒక కోచింగ్ సెంటర్‌కి అప్లికేషన్ల సైట్ చేస్తున్నాం. 'హాల్‌టికెట్ చూడండి', 'అప్లికేషన్ రద్దు' రెండూ జావాస్క్రిప్ట్ (బ్రౌజర్‌లో నడిచే కోడ్) లేకపోయినా పని చేయాలని నేను, టైమ్ దండగ అని మా లీడ్. మీరేమంటారు?

కోడ్‌కాకి:
జావాస్క్రిప్ట్ ఆపేసుకుని తిరిగేవాళ్లు ఎవరు బ్రో? నేనైతే ఒక్కణ్ణీ చూడలేదు. లీడ్ చెప్పిందే కరెక్ట్.

పాతసర్వర్:
ఆపుకున్నవాళ్ల గొడవ కాదండీ ఇది. 2013లో బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం తమ సైట్ మీదే లెక్క తీసింది. స్క్రిప్టు అందనివాళ్లు 1.1 శాతం తేలారు. బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ లేకో, ఆపేసుకునో ఉన్నవాళ్లు అందులో 0.2 శాతమే. మిగతా 0.9 శాతానికి అన్నీ ఉన్నాయి, స్క్రిప్టు మాత్రం నడవలేదు. నెట్ మధ్యలో తెగినా, ఆఫీసు ఫైర్‌వాల్ అడ్డుకున్నా జరిగేది అదే.

మీ ప్రశ్నకొస్తే, హాల్‌టికెట్ చూడటమంటే ఇంకో పేజీకి వెళ్లడం. దానికి 'a' అనే లింకు ట్యాగు, ఎక్కడికెళ్లాలో చెప్పే హెచ్‌రెఫ్‌లో నిజమైన అడ్రసు ఉంటే చాలు. రద్దు అంటే సర్వర్‌లో మార్పు. దానికి పోస్ట్ మెథడ్‌తో (సర్వర్‌కి సమాచారం పంపే పద్ధతి) ఫారం, లోపల సబ్మిట్ బటన్. సర్వర్ పని కాగానే 303 అనే దారిమళ్లింపు జవాబుతో వేరే పేజీకి పంపితే, రీఫ్రెష్ కొట్టినా ఫారం మళ్లీ వెళ్లదు. వెబ్‌పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్, 1995 నాటి దాని 2.0లోనే ఫారాలున్నాయి, కొత్తగా కనిపెట్టేదేమీ లేదు.

కోడ్‌కాకి:
2013 లెక్కా! అప్పటికి జియో కూడా రాలేదు మాస్టారూ. ఇప్పుడు 5జీ నడుస్తోంది.

గోరింటాకు:
మా అత్తగారింట్లో సిగ్నల్ కావాలంటే మేడెక్కాలి. 5జీ అట.

కోడ్‌కాకి:
సరే, స్క్రిప్టు వద్దంటే రద్దు కూడా లింకే పెట్టేయండి. బటన్‌లా కనిపించేలా సీఎస్‌ఎస్ (పేజీ రూపం చెప్పే కోడ్) రాస్తే అయిపోయె. మధ్యలో ఈ ఫారం గోలేంటి?

పాతసర్వర్:
సరిగ్గా అదే చేయకూడదు. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అని, పేజీలు త్వరగా తెరుచుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ వచ్చింది. పేజీలోని లింకుల్ని మనం నొక్కకముందే తెచ్చిపెట్టుకునేది. ఆఫీసు ప్రాజెక్టులు నడుపుకునే బేస్‌క్యాంప్ లాంటి సైట్లలో డిలీట్ లింకుల్ని కూడా అలాగే తెరిచేసింది. జనం దాచుకున్నవి పోయాయి. 'నిజంగా తీసేయాలా?' అని అడిగే జావాస్క్రిప్ట్ ఉన్నా, అది దాన్ని లెక్కే చేయలేదు.

వీధిఅరుగు:
మణికట్టు నొప్పితో మౌస్ మానేశాను, అంతా కీబోర్డే. బటన్‌లా ముస్తాబు చేసిన లింకు దగ్గర అలవాటుగా స్పేస్ కొడతాను, పేజీ కిందికి జారిపోతుంది. లింకుకి ఎంటరే పని చేస్తుంది మరి. ఇక బటన్ ట్యాగు మానేసి, డివ్ అనే ఉత్త పెట్టెకి ఆన్‌క్లిక్ (నొక్కితే నడిచే స్క్రిప్టు) తగిలించే మహానుభావులు వేరే. ట్యాబ్ అక్కడ ఆగనే ఆగదు.

కోడ్‌కాకి:
ఇది యాక్సెసిబిలిటీ, ఇబ్బందులున్నవాళ్లకీ సైట్ అందే సంగతి. టాపిక్ మార్చకండి. స్క్రిప్టు ఆపుకున్నవాడు ఎవడో చెప్పమన్నా, ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు.

పాతసర్వర్:
పైన రాసింది చదివితే కదా! నేర్చుకునే ఓపిక లేనప్పుడు ఇక్కడ వాదన దేనికి?

కోడ్‌కాకి:
ఇదిగో, ఈ మాటే ప్రతి కోడ్ రివ్యూలో వింటున్నా. క్లయింట్ శుక్రవారం సాయంత్రం డిజైన్ పంపి సోమవారానికి లైవ్ అంటాడు. రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వచ్చనే నాకు ఉద్యోగం ఇచ్చారు. ఇంటర్వ్యూలో ఫారం ట్యాగు గురించి ఎవరూ అడగలేదు. స్క్రిప్టుతో ఒకసారి, లేకుండా ఒకసారి టెస్ట్ చేస్తే ఆ గంటలకి డబ్బులు మీరిస్తారా?

పాతసర్వర్:
క్లయింట్ ఇవ్వడు, నిజమే. మా కాలేజీ ఫీజుల సైట్ చేసినవాళ్లూ ఆ లెక్కే చూసుకుని, బిల్లు తీసుకుని వెళ్లిపోయారు. ఆఖరి తేదీ సాయంత్రం స్క్రిప్టు ఫైలు లోడవలేదు. 'ఫీజు కట్టండి' నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు, ఎర్రర్ కూడా రాలేదు. ఫోన్లెత్తి తిట్లు తిన్నది నేను, లేటు ఫైను కట్టింది పిల్లలు. మీరు మిగుల్చుకునే గంటల ఖరీదు ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు.

కోడ్‌కాకి:
అలాగైతే కాంట్రాక్టులో రాయించండి, డబ్బిచ్చి చేయించుకోండి. కాగితం మీద లేనిది జీతగాడు రాత్రుళ్లు మేలుకుని ఫ్రీగా చేయాలంటే నేను ఒప్పుకోను.

గోరింటాకు:
హమ్మయ్య, ఇప్పటికి అసలు గొడవేంటో తెలిసింది.

రాత్రిషిఫ్ట్:
మీరిద్దరూ తేల్చుకునేలోపు ఒక్క డౌటు. ఒకే ఫారంలో 'సేవ్', 'రద్దు' రెండు బటన్లు, రెండూ వేరే వేరే అడ్రసులకి వెళ్లాలి. స్క్రిప్టు లేకుండా అవుతుందా?

వీధిఅరుగు:
అవుతుంది. రద్దు బటన్‌కి ఫారంయాక్షన్ యాట్రిబ్యూట్‌లో దాని అడ్రసు ఇవ్వండి. ఖాళీ గడులున్నా ఆపకుండా ఫారంనోవాలిడేట్ కూడా పెట్టండి. కోడ్‌లో మాత్రం సేవ్ ముందుండాలి. పేరు టైప్ చేసి ఎంటర్ కొడితే బ్రౌజర్ మొదటి సబ్మిట్ బటన్నే నొక్కినట్టు తీసుకుంటుంది, రద్దు ముందుంటే అప్లికేషన్ గోవిందా. రద్దు నొక్కగానే తీసేయకుండా 'ఖాయమేనా?' అని ఇంకో పేజీ చూపించండి.

కోడ్‌కాకి:
ఇంకో పేజీ అట. దానికి డిజైన్ ఎవరిస్తారు?