కోపెన్‌హాగెన్‌లో ఉద్యోగం, మాల్మోలో కాపురం: కుదురుతుందా?

నమస్కారమండీ, మాది అనంతపురం. మా తమ్ముడికి డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌లో ఉద్యోగం వచ్చింది. అక్కడి అద్దెలు వింటే గుండె గుభేలుమంటోంది. ఎదురుగా స్వీడన్‌లోని మాల్మోలో అద్దెలు బాగా తక్కువట. 2000లో ఓరెసుండ్ వంతెన తెరిచాక రెండూ ఒకే ఊరైనట్టే. మాల్మో నుంచి సగం దూరం వంతెన, తర్వాత సముద్రంలో కట్టిన దీవి, అక్కణ్ణుంచి సొరంగం. రైలెక్కితే ముప్పావుగంట. ఇటు కాపురం, అటు పని చేసేవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఐరోపా పౌరులే కదా, అదే నా భయం.

మావాడిది ఇండియా పాస్‌పోర్టు, చేతిలో డెన్మార్క్ పర్మిట్ మాత్రమే. మాల్మోలో ఉండాలంటే స్వీడన్ పర్మిట్ వేరేగా తీసుకోవాలా? పన్ను డెన్మార్క్‌లో కడితే మరదలికీ పాపకీ ఆసుపత్రి ఖర్చు ఎవరు చూస్తారు? అలా ఉంటున్న తెలుగువాళ్లెవరైనా దయచేసి చెప్పండి. ఇంటికి అడ్వాన్సు కట్టేలోపే తెలియాలి.