అమ్మది బి గ్రూపు, తమ్ముడిది ఓ గ్రూపు: కిడ్నీ ఇవ్వవచ్చునా?

ప్రశ్న (ఖమ్మం నుండి)

మా తమ్ముడు ఏడాదిగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాడు. కిడ్నీ ఇవ్వడానికి అమ్మ సిద్ధంగా ఉన్నారు గానీ, ఆమెది బి పాజిటివ్, వాడిది ఓ పాజిటివ్. నాకు షుగర్ ఉన్నందున నా కిడ్నీ తీసుకోలేమన్నారు. గ్రూపు కలవకపోయినా మార్పిడి చేయవచ్చని డాక్టరుగారు చెప్పినప్పటి నుండి అమ్మ పట్టుబడుతున్నారు. నాకేమో భయంగా ఉంది. ఈ దారిలో నడిచినవారు ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు (హైదరాబాద్ నుండి)

చెల్లెమ్మా, మూడేళ్ల క్రితం నా భర్తకు నేనే కిడ్నీ ఇచ్చాను. నాది ఎ, ఆయనది ఓ. ఓ గ్రూపు వారి రక్తంలో ఎ, బి రెండింటికీ వ్యతిరేకమైన యాంటీబాడీలు సహజంగానే ఉంటాయి. వాటిని తగ్గించకుండా మార్పిడి చేస్తే అవి కొత్త కిడ్నీ రక్తనాళాల మీద పడి గంటల్లోనే దానిని పాడుచేయగలవు. అందుకే ముందుగా వాటి స్థాయిని, అంటే టైటర్‌ను చూస్తారు. ఆయనకు అది 1:256 ఉండేది (రెండో అంకె ఎంత పెద్దదైతే యాంటీబాడీలు అంత ఎక్కువ). ఆపరేషనుకు మూడు వారాల ముందు యాంటీబాడీలు తయారుచేసే కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ మందు ఎక్కించి, రోగనిరోధక శక్తిని అణచే టాక్రోలిమస్ మాత్రలు మొదలుపెట్టి, రక్తం నుండి యాంటీబాడీలను తీసేసే ప్లాస్మాఫెరెసిస్ రోజు విడిచి రోజు చేస్తూ, ఆరు విడతల తర్వాత 1:8కి దిగాకే తేదీ ఖాయం చేశారు. ఆపరేషను అయిన మొదటి రెండు వారాలే గండం. పక్క వార్డులో కుట్లతో పడుకుని ఉన్న నేను, నర్సమ్మ రాగానే ఆనాటి టైటర్ ఎంతని అడిగేదాన్ని. ఆ గడువు దాటాక యాంటీబాడీలు కొంత తిరిగి వచ్చినా కిడ్నీ చాలావరకు వాటిని తట్టుకుంటుందని మా డాక్టరుగారు వివరించారు. ఆయన విషయంలో అలాగే జరిగింది.

జవాబు (విజయవాడ నుండి, ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌గా పనిచేశాను)

జపాన్‌లో మరణించినవారి అవయవాలు చాలా తక్కువగా లభించడం వలన 1989 నుండే ఇలాంటి మార్పిడులు చేస్తున్నారు. అప్పట్లో యాంటీబాడీల తయారీని తగ్గించడానికి ప్లీహాన్ని కూడా తొలగించేవారు, ఇప్పుడు రిటుక్సిమాబ్ ఆ అవసరాన్ని తప్పించింది. అయితే రోగనిరోధక శక్తిని ఇంతగా అణచడం వలన ఇన్‌ఫెక్షన్ల ముప్పు ఎక్కువ, ఖర్చూ ఎక్కువే. కనుక స్వాప్ గురించి కూడా అడగండి: మీలాగే గ్రూపు కుదరని మరో కుటుంబంతో దాతలను మార్చుకోవడానికి 2011 సవరణతో మన చట్టం అనుమతించింది. కాకపోతే ఓ గ్రూపు రోగికి ఓ దాతే కావాలి, ఓ దాత ఏ గ్రూపు వారికైనా ఇవ్వగలరు గనుక అలాంటివారు స్వాప్‌కు అరుదుగా వస్తారు. మీ తమ్ముడికి అక్కడే కష్టం. మరణించినవారి అవయవాలను కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించి ఉంచండి. పాజిటివ్, నెగటివ్ తేడా కిడ్నీకి అడ్డు కాదు గానీ, క్రాస్‌మ్యాచ్, అంటే దాత కణాలపై రోగి రక్తం దాడి చేస్తుందా అని చూసేది, వేరే పరీక్ష; అదీ సరిపోవాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. జీవన్‌దాన్ సంగతి రేపే కనుక్కుంటాను. టైటర్ మా ఊరి ల్యాబ్‌లో చేయించవచ్చునా?

జవాబు (విజయవాడ నుండి)

మార్పిడి చేసే ఆసుపత్రిలోనే చేయించండి, ఐజీజీ, ఐజీఎం అనే రెండు రకాల యాంటీబాడీలకూ అడగండి. పద్ధతి మారితే అంకె మారుతుంది. ఒకచోట 1:64 అన్నది మరోచోట 1:256 కావచ్చు.