రెపో తగ్గితే గిల్ట్ ఫండ్ పెరగాలి కదా? నాన్నగారి డబ్బు పెట్టించా

బెజవాడ_శ్రీను:
నాన్నగారి రిటైర్మెంట్ డబ్బులో 6 లక్షలు 2025 మార్చిలో లాంగ్ టర్మ్ గిల్ట్ ఫండ్‌లో (ప్రభుత్వ బాండ్లు కొనే ఫండ్) పెట్టించాను. "ఆర్‌బీఐ వడ్డీ తగ్గిస్తోంది, బాండ్ల ధర పెరుగుతుంది" అని ఒప్పించింది నేనే. జూన్ 6న రెపో (ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) ఒకేసారి అర శాతం తగ్గించి 5.50 చేశారు. ఇక పండగే అనుకున్నా. అప్పట్నుంచీ ఎన్‌ఏవీ (ఫండ్ యూనిట్ ధర) జారుతోంది. రోజూ రాత్రి అన్నం తినగానే "ఎంతయిందిరా ఇవాళ?" అంటారు నాన్న. ఎక్కడ పొరబడ్డాను?

పాత_డీలరు:
ఓ బ్యాంకు ట్రెజరీలో (బ్యాంకు సొంత డబ్బు మదుపు పెట్టే విభాగం) ఇరవై ఏళ్లు ఈ బాండ్లే కొని అమ్మాను. మీ లెక్క సగం కరెక్టే.

ఆ రోజు పొద్దున 10 గంటలకు మార్కెట్ ఎదురుచూసింది పావు శాతం. అర శాతం అనగానే ధరలు ఎగిరాయి. అయితే అదే ప్రసంగంలో ఆర్‌బీఐ గవర్నర్ మల్హోత్రా ధోరణిని 'అకామొడేటివ్' (వడ్డీ తగ్గించే వైపు మొగ్గు) నుంచి 'న్యూట్రల్'కి (ఎటూ మొగ్గు లేదు) మార్చారు, వృద్ధికి ఊతమివ్వడానికి ఇక చోటు చాలా తక్కువన్నారు. డీలర్ల చెవికి అది 'కోతలు అయిపోయాయి' అన్నట్టే. కోతల మీద ఆశతో ముందే కొన్నవాళ్లు లాభం వెనకేసుకుని బయటపడ్డారు. 30 ఏళ్ల బాండ్‌కి ఇవాళ్టి రెపో కంటే రేపటి సరుకుల ధరలు, ప్రభుత్వం చేయబోయే అప్పు ముఖ్యం. మొన్న ఆగస్టు 15న జీఎస్‌టీ తగ్గిస్తామన్నారు. జనానికి తీపి కబురు, మాకు మాత్రం 'ఆదాయం తగ్గితే అప్పు పెరుగుతుందేమో' అన్న దిగులు. సోమవారం ఈల్డ్‌లు (ఇవాళ్టి ధరకు కొంటే బాండ్ మీద వచ్చే రాబడి; ఇది పెరిగిందంటే బాండ్ ధర పడినట్టే) పైకి పోయాయి.

పదేళ్ల బాండ్ ఈల్డ్ 0.10 పెరిగితే వందకు 70 పైసలు పోతాయి. 30 ఏళ్లదైతే రూపాయి పావలా దాకా. మీది లాంగ్ టర్మ్ కదా, ఆ కుదుపే నాన్నగారికి కనబడుతోంది.

అసలు భయపెట్టేది చెప్పాపెట్టకుండా వచ్చే వార్త. 2022 మే 4న మధ్యాహ్నం 2కి గవర్నర్ మాట్లాడతారని స్క్రీన్ మీద పడింది. ఆ రోజుకి పాలసీ మీటింగ్ షెడ్యూల్లోనే లేదు! పులిహోర డబ్బా మూత తీసిన చెయ్యి అలాగే ఆగిపోయింది. రెపో 0.40, సీఆర్‌ఆర్ (బ్యాంకులు ఆర్‌బీఐ దగ్గర ఉంచాల్సిన డిపాజిట్ల వాటా) 0.50 పెంచారు. పదేళ్ల ఈల్డ్ 7.12 నుంచి 7.38కి పోయింది. పులిహోర డబ్బా అలాగే ఇంటికొచ్చింది.

డాలస్_కుర్రాడు:
ఇక్కడ అమెరికాలోనూ అంతే అంకుల్. 2025 ఆగస్టు 1న ఉద్యోగాల లెక్క వచ్చింది. జులైలో కొత్త ఉద్యోగాలు 73,000 అన్నారు, అది సరే. మే, జూన్ పాత అంకెల్లోంచే 2,58,000 కోసేశారు! రెండేళ్ల అమెరికా ప్రభుత్వ బాండ్ ఈల్డ్ ఒక్కరోజులో పావు శాతం దాకా పడింది. మీకప్పుడు శుక్రవారం సాయంత్రం 6, మార్కెట్ మూసేసి ఉంటుంది.

పాత_డీలరు:
అవును బాబూ, ఆ శని, ఆదివారాలు నిద్ర ఉండదు. ఇక్కడి సీపీఐ (ధరల పెరుగుదల లెక్క) కూడా ఇదివరకు సాయంత్రం 5:30కి, మార్కెట్ కట్టేశాక వచ్చేది. 2024 నవంబర్ నుంచి 4 గంటలకే ఇస్తున్నారు, ఆ రోజే తేలిపోతుంది.

శ్రీనుగారూ, ఇంతకీ ఆ డబ్బు ఎప్పుడు కావాలి?

బెజవాడ_శ్రీను:
మాఘంలో చెల్లి పెళ్లండీ.

పాత_డీలరు:
ఆరు నెలల్లో పెళ్లి పెట్టుకుని 30 ఏళ్ల బాండ్లా! ఎగ్జిట్ లోడ్ (ముందే తీస్తే కోసుకునే రుసుము) ఉందేమో చూసి, పెళ్లికి కావలసినంత తీసేయండి. పెళ్లిలోపే గడువు తీరే టీ-బిల్లు (ప్రభుత్వం కొద్ది నెలలకు చేసే అప్పు) కొనండి, ఆర్‌బీఐ సొంత పోర్టల్ రిటైల్ డైరెక్ట్‌లో 10,000 నుంచే దొరుకుతుంది. మిగిలింది ఉంటే ఉండనివ్వండి. నాన్నగారి ఫోన్‌లో ఫండ్ యాప్ ఉంటే అది మాత్రం తీసేయండి.