మూడేళ్ల లోపు శిక్ష పడే కేసుకి జ్యూరీ ఎందుకు? ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు చెప్పండి

రెడింగ్_వాసి

అందరికీ నమస్కారం. 2025 డిసెంబరు 2న న్యాయశాఖ మంత్రి డేవిడ్ లామీ పార్లమెంటులో చేసిన ప్రకటన మీద మా ఆఫీసులో రోజూ గొడవే. విననివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. ఇంగ్లండ్, వేల్స్ క్రౌన్ కోర్టుల్లో (పెద్ద నేరాలు వినే కోర్టులు) నేరం రుజువైతే మూడేళ్లు, అంతకన్నా తక్కువ శిక్ష పడుతుందనుకునే కేసుల్ని ఇకపై జ్యూరీ (మామూలు జనంలోంచి పిలిచిన పన్నెండుమంది) లేకుండా జడ్జి ఒక్కరే విచారిస్తారట. దొంగతనం లాంటి కేసుల్లో 'నాకు జ్యూరీ కావాలి' అని ముద్దాయి కోరుకునే హక్కు పోతుంది. మెజిస్ట్రేట్లు (కింది కోర్టుల్లో చిన్న కేసులు వినేవాళ్లు) వేయగల శిక్ష ఏడాది నుంచి ఏడాదిన్నరకు పెరుగుతుంది. హత్య, రేప్, దోపిడీ కేసులు మాత్రం ఎప్పట్లాగే పన్నెండుమంది ముందుకే వెళ్తాయి.

దీనంతటికీ కారణం పెండింగ్ కేసులు. కోవిడ్‌కి ముందు 40 వేల లోపు ఉన్నవి 2025 చివరికి 78 వేలు దాటాయి. ఇలాగే వదిలేస్తే 2028కి లక్ష అవుతాయని ప్రభుత్వం అంటోంది.

నేనైతే సబబే అంటాను. ఇక్కడ క్రిమినల్ కేసుల్లో నూటికి తొంభైకి పైగా ఇప్పటికే మెజిస్ట్రేట్ కోర్టుల్లో, జ్యూరీ లేకుండానే తేలిపోతున్నాయి. అప్పుడు రాని ప్రజాస్వామ్యానికి ముప్పు ఇప్పుడెలా వస్తుంది? ఒకడు కొట్టేసిన ల్యాప్‌టాప్ గురించి పన్నెండుమంది పనులు మానుకుని మూడు రోజులు కూర్చోవాలా?

గుంటూరు_ప్లీడరు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నేను ఇంగ్లండ్ వాణ్ణి కాదు. కానీ జ్యూరీ తీసేసిన దేశంలో ముప్ఫై ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను కాబట్టి ఒక్క ముక్క. జ్యూరీ తీసేస్తే కేసులు త్వరగా తేలతాయని మీ మంత్రిగారికి చెప్పినవాళ్లెవరో నాకు చూపించండి. మా దగ్గర జ్యూరీ లేదు. దేశం మొత్తం మీద పెండింగ్ కేసులు ఐదు కోట్లు.

బర్మింగ్‌హామ్_సొలిసిటర్

ప్లీడరుగారికి దండం. రెడింగ్ గారూ, ల్యాప్‌టాప్ ఉదాహరణ చెప్పుకోవడానికి బాగుంది గానీ, 'మూడేళ్ల లోపు' అంటే చిన్న కేసు అన్నది ఎవరి లెక్క? బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాడి లెక్క. మన లెక్క వేరు.

విదేశీ పౌరుడికి పన్నెండు నెలలు, అంతకు మించి జైలు శిక్ష పడితే 2007 నాటి యూకే బోర్డర్స్ చట్టం కింద హోం శాఖ డిపోర్టేషన్ (దేశం నుంచి పంపేసే) ఉత్తర్వు ఇచ్చి తీరాలి. మినహాయింపులు ఉన్నాయి, కానీ వాటిలో దూరి బయటపడాలంటే ఎంత కష్టమో మాలాంటివాళ్లకి తెలుసు. కేర్ వీసా (ముసలివాళ్లని, జబ్బుపడ్డవాళ్లని చూసుకునే పనికి ఇచ్చేది) మీద వచ్చిన ఒక అమ్మాయిని ఊహించుకోండి. తను చూసుకునే ముసలాయన బ్యాంకు కార్డుతో డబ్బు తీసిందని ఆరోపణ. ఆయనే తీసుకురమ్మన్నాడని ఆమె అంటుంది, ఆయనకి మతిమరుపు. చేతిలో రసీదు లేదు. శిక్ష పడితే ఏడాదిన్నరో, రెండేళ్లో. కొత్త పద్ధతిలో ఆ కేసు జడ్జి ఒక్కరి ముందుకు పోతుంది. అక్కడ నమ్మకపోతే జైలు, ఆ పైన విమానం, పిల్లల స్కూలు మధ్యలో ఆగిపోవడం. దీన్ని చిన్న కేసు అంటామా?

ఇంకొకటి. 2017లో ఇదే లామీ గారు, అప్పటికి మంత్రి కాదు, నేర న్యాయ వ్యవస్థలో జాతి వివక్ష మీద ప్రభుత్వం అడిగితే నివేదిక రాశారు. జ్యూరీల దగ్గర రంగును బట్టి తీర్పు మారడం లేదని అందులో తేల్చింది ఆయనే. మెజిస్ట్రేట్ కోర్టుల్లో మైనారిటీ మహిళల విషయంలో తేడాలు కనిపించాయని రాసిందీ ఆయనే. ఇప్పుడు తీసేస్తోంది ఏది, బలపరుస్తోంది ఏది? జడ్జీల్లో మైనారిటీల వాళ్లు పదిమందిలో సుమారు ఒకరు. పన్నెండుమంది జ్యూరీలో, బర్మింగ్‌హామ్ లాంటి ఊళ్లో, మన మొహం ఒకటైనా కనిపిస్తుంది.

రెడింగ్_వాసి

మొహం చూసి న్యాయం జరగాలంటే కులం చూసి ఓటేసినట్టే ఉంది సార్.

డిపోర్టేషన్ సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నా. కానీ అది ఇమిగ్రేషన్ చట్టంలో తప్పు. దానికి క్రౌన్ కోర్టుని బందీ చేయడమెందుకు? పైగా జడ్జి అయితే తీర్పుకి కారణాలు రాయాలి. జ్యూరీ 'గిల్టీ' అని ఒక్క మాట చెప్పి ఇంటికి పోతుంది. ఎందుకు నమ్మలేదో ముద్దాయికి జన్మలో తెలియదు. అప్పీలుకి ఏం పట్టుకుని వెళ్తాడు?

గుంటూరు_ప్లీడరు

కారణాలు రాసిన తీర్పు ఉంటే అప్పీలుకి పట్టు దొరుకుతుంది, అది నూటికి నూరుపాళ్లు నిజం. ఇక్కడ మాత్రం మా రెడింగ్ తమ్ముడి పక్షమే.

ఎవరో ఒకరు నానావతి పేరు ఎత్తుతారు కాబట్టి నేనే ఎత్తేస్తున్నా. నేవీ కమాండర్ కావస్ నానావతి 1959లో బొంబాయిలో భార్య ప్రియుణ్ణి కాల్చి చంపాడు. జ్యూరీ ఎనిమిది ఒకటితో నిర్దోషి అంది. సెషన్స్ జడ్జి ఆ మాట ఒప్పుకోక హైకోర్టుకి పంపితే అక్కడ యావజ్జీవం పడింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ కేసు వల్లే జ్యూరీ పోయిందని అందరూ చెప్తారు, లా కాలేజీలో నాకూ అలాగే చెప్పారు. అది పూర్తిగా నిజం కాదు. కేసు జరక్కముందే, 1958లోనే లా కమిషన్ జ్యూరీ వద్దంది. చాలాచోట్ల అప్పటికే అది కొనఊపిరితో ఉంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో పూర్తిగా పోయింది. పార్సీల విడాకుల కోర్టుల్లో మాత్రం ఆ వాసన ఇంకా మిగిలింది, అది వేరే కథ.

నార్త్_లండన్_డ్రైవర్

పోయినేడు నేను జ్యూరీ డ్యూటీ చేశాను. నాది ఇండియన్ పాస్‌పోర్టే. కామన్వెల్త్ పౌరులం కాబట్టి ఇక్కడ ఓటు ఉంటుంది కదా, ఓటర్ల జాబితాలో పేరుండి, ఐదేళ్లు ఈ దేశంలో ఉంటే పిలుపు వస్తుంది. కవరు చూసి ఏదో ఫైన్ వచ్చిందని మా ఆవిడ భయపడింది.

లోపల పన్నెండుమందిమి ఏం మాట్లాడుకున్నామో చెప్తే అదే నేరం, కాబట్టి అది అడగకండి. బయటిది చెప్తాను. ప్రమాణం చేయమంటే గీత ఉందా అని అడిగాను. గుడ్డలో చుట్టిపెట్టిన పుస్తకం తెచ్చి, గుడ్డ విప్పి, నా చేతికి ఇచ్చాడు అషర్, అంటే కోర్టు హాల్లో పనులు చూసే ఉద్యోగి. ఆ తర్వాత ముద్దాయి వైపు చూశాను. ఇరవై ఏళ్ల కుర్రాడు. అప్పటిదాకా ఇదంతా టైమ్ వేస్టు అనుకుంటున్నవాణ్ణి, ఒళ్లు ఒక్కసారి చల్లబడింది.

పది రోజుల డ్యూటీలో కోర్టు హాల్లో నిజంగా కూర్చున్నది నాలుగున్నర రోజులు. మిగతా టైమంతా కింద గదిలో ప్లాస్టిక్ కుర్చీల్లో. మొదటిరోజు జైలు వ్యాన్ రెండు గంటలు లేటు. ఇంకోరోజు హీటింగ్ పనిచేయక వేరే హాలుకి మార్చారు. అక్కడ సాక్షిని వీడియోలో చూపించే స్క్రీన్ రాలేదు. జడ్జిగారు మాకు మూడుసార్లు సారీ చెప్పారు. పక్కన రెండు కోర్టు హాళ్లు తాళం వేసి ఉన్నాయి. ఆ కేసు ఆలస్యం అయ్యింది మా పన్నెండుమంది వల్ల కాదు, అంతవరకు రాసిస్తాను.

రోజుకి గరిష్ఠంగా 64 పౌండ్ల 95 పెన్నీలు ఇస్తారు. నా లాంటి సొంత బండి వాడికి అది నష్టమే. అయినా మళ్లీ పిలిస్తే వెళ్తాను.

విజయ్_హౌన్‌స్లో

తాళం వేసిన హాళ్లు. చర్చ అక్కడే అయిపోయింది.

మిల్టన్‌కీన్స్_పాప

అయిపోలేదండి. ఇక్కడ అందరూ ముద్దాయి గురించే మాట్లాడుతున్నారు. నేను అవతలి పక్క మనిషిని.

2023 మార్చిలో నా మీద దాడి జరిగింది. చేసినవాడు నాకు తెలిసినవాడే. అంతకన్నా వివరాలు రాయను. వాడు బెయిల్ మీద బయటే ఉన్నాడు. బయట ఉన్నవాడి కేసు వెనక్కి పోతుందట, జైల్లో ఉన్నవాళ్ల కేసులు ముందట. ట్రయల్ డేట్ ఇప్పటికి రెండుసార్లు మారింది. రెండోసారి ముందురోజు సాయంత్రం ఐదింటికి ఫోన్ చేసి చెప్పారు. అప్పటికి మా అమ్మ విజయవాడ నుంచి వచ్చి ఉంది, కోర్టుకి నాతో వస్తానని. కొత్త తేదీ 2027లో.

ఆ రోజు వాడు ఏ చెయ్యి ఎత్తాడు, తలుపు ఏ వైపు తెరుచుకుని ఉంది, ఇవన్నీ అడుగుతారు. నాకు ఇప్పుడు నిజంగా గుర్తుందో, అప్పుడు రాసిచ్చిన స్టేట్‌మెంట్ చదివి చదివి గుర్తున్నట్టు అనిపిస్తోందో నాకే తెలియట్లేదు. తప్పు చెప్తే వాడి బారిస్టర్ అదే పట్టుకుంటాడు. హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం వచ్చింది, వదులుకున్నాను, కేసు ఉందని.

రేపొద్దున జడ్జి ఒక్కరే వింటానంటే నేను రెడీ. నా కేసులో జ్యూరీ అన్నది వాడి హక్కు. ఆలస్యం మాత్రం నాది.

బర్మింగ్‌హామ్_సొలిసిటర్

అమ్మా, మీరు చెప్పినదానికి ఎదురు చెప్పే మొహం నాకు లేదు. ఇలాంటివాళ్లు మధ్యలో వదిలేసి వెళ్లిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఆలస్యం చేస్తే తనకే లాభమని కొందరు ముద్దాయిలు జ్యూరీ కోరుకుంటారన్నదీ నిజమే. మా వృత్తివాళ్లం బయట ఒప్పుకోం గానీ.

నా బాధల్లా వేరే. కోర్టుల్ని ఎలా బాగుచేయాలో చెప్పమని ప్రభుత్వం అడిగితే 2025 జులైలో రిటైర్డ్ జడ్జి సర్ బ్రయాన్ లెవిసన్ ఇచ్చిన నివేదికలో రెండు భాగాలు కలిసి ఉన్నాయి. ఏడాదికి కోర్టులు 1,30,000 రోజులు కూర్చోవాలన్నది ఒకటి. 2025-26కి డబ్బిచ్చింది 1,11,250 రోజులకు. రెండోది, జ్యూరీ లేని విచారణ పెడితే జడ్జి పక్కన ఇద్దరు మెజిస్ట్రేట్లు, అంటే మామూలు జనం, కూర్చోవాలన్నది. మంత్రిగారు ఆ ఇద్దర్నీ కూడా తీసేసి జడ్జిని ఒంటరిగా కూర్చోబెట్టారు. అంటే వైద్యుడు రాసిన చీటీలో మందు సగం వేసి, పథ్యం మాత్రం రెట్టింపు చేశారు.

రెడింగ్_వాసి

ఇద్దరు మెజిస్ట్రేట్ల సంగతి నేను సరిగ్గా చదవలేదు. దాన్ని తీసేయడం నాకూ నచ్చలేదు. కానీ అదే లెవిసన్ గారు జ్యూరీ లేకపోతే విచారణ సమయం కనీసం 20 శాతం తగ్గుతుందన్నారు, అది మీరు వదిలేశారు. 2022లో ఫీజుల కోసం బారిస్టర్లు నెలల తరబడి కోర్టులు బహిష్కరించిందీ వదిలేశారు.

జ్యూరీ ఉంటే అన్యాయం జరగదన్న మాటకి ఒక్క జవాబు చెప్పండి. పోస్టాఫీసు లెక్కల కంప్యూటర్ వ్యవస్థ హొరైజన్ కేసులు. కంప్యూటర్ లెక్క తప్పు చూపిస్తే పోస్ట్‌మాస్టర్లు దొంగలయ్యారు, తొమ్మిది వందలకు పైగా. సీమా మిశ్రా గర్భవతిగా ఉండి 2010లో జైలుకెళ్లారు. ఆమెను దోషి అన్నది జడ్జి కాదు, గిల్డ్‌ఫర్డ్‌లో పన్నెండుమంది మామూలు మనుషులే. ఆ శిక్ష కొట్టేయడానికి 2021 దాకా పట్టింది. చాలామందికి 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేస్తే గానీ మచ్చ పోలేదు.

బర్మింగ్‌హామ్_సొలిసిటర్

మంచి దెబ్బే కొట్టారు. కానీ ఆ జ్యూరీకి చూపించాల్సిన కాగితాలు పోస్టాఫీసు చూపించలేదు. దాచేసిన కాగితం జడ్జికి మాత్రం కలలో కనిపిస్తుందా? కంప్యూటర్ సరిగ్గానే పనిచేస్తోందని అనుకుని మొదలుపెట్టాలన్న సూత్రం జడ్జీలకీ వర్తిస్తుంది. పైగా వాళ్లలో చాలామంది విచారణ దాకా వెళ్లకుండానే భయపడి నేరం ఒప్పేసుకున్నారు.

ఇంకో వైపు కూడా చూడండి. లండన్‌లోని పేరున్న క్రిమినల్ కోర్టు ఓల్డ్ బెయిలీకి వెళ్తే లోపల ఒక రాతిఫలకం ఉంటుంది. 1670లో విలియం పెన్, విలియం మీడ్ అనే ఇద్దరు వీధిలో మత ప్రసంగం చేశారని కేసు. వాళ్లని దోషులనమని జడ్జి ఒత్తిడి చేశాడు, జ్యూరీ అననంది. తిండి, నీళ్లు, నిప్పు లేకుండా రెండు రాత్రులు బంధించి, ఆ తర్వాత జరిమానా వేశారు. కట్టనన్న ఎడ్వర్డ్ బుషెల్ కేసులో చీఫ్ జస్టిస్ వాన్, తీర్పు చెప్పినందుకు జ్యూరీని శిక్షించకూడదన్నాడు. 2023లో ఒక రిటైర్డ్ సోషల్ వర్కర్ జ్యూరీకి మనస్సాక్షి ప్రకారం తీర్పిచ్చే హక్కు ఉందని అట్ట మీద రాసి లండన్‌లో కోర్టు బయట నిలబడితే కోర్టు ధిక్కారం అన్నారు. 2024 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని తోసిపుచ్చింది. మూడొందల యాభై ఏళ్లు గడిచినా జ్యూరీ అంటే ప్రభుత్వాలకి అదే చిరాకు. అందుకే అది ఉండాలంటాను.

నార్త్_లండన్_డ్రైవర్

ఆ అట్ట పట్టుకున్నావిడ గురించి నేను విన్నాను. మా బండ్ల స్టాండులో సగంమంది ఆవిడ పక్షం, సగంమంది తిట్టారు.

గుంటూరు_ప్లీడరు

మిల్టన్‌కీన్స్ అమ్మాయికి ఒక మాట. మీ స్టేట్‌మెంట్ మళ్లీ మళ్లీ చదవకండి. కోర్టులోకి వెళ్లేముందు దాన్ని చూసుకునే అవకాశం అక్కడా ఇస్తారనుకుంటాను, మన సొలిసిటర్‌గారే సరిగ్గా చెప్పగలరు.

బర్మింగ్‌హామ్_సొలిసిటర్

ఇస్తారండి. సాక్ష్యం చెప్పేముందు చదువుకోవచ్చు, అది మామూలే. గుర్తులేనిది గుర్తులేదనే చెప్పండమ్మా, దానివల్ల కేసు పోదు. కోర్టు హాల్లో వాడి మొహం కనపడకుండా తెర కావాలంటే అడగొచ్చు. మీ కేసు చూసే విట్‌నెస్ కేర్ (సాక్షులకి సాయం చేసే) వాళ్లకి ఇప్పుడే మెయిల్ పెట్టండి, 2027 దాకా ఆగొద్దు.

మిల్టన్‌కీన్స్_పాప

తెర సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే రాస్తాను. థాంక్స్ అండి.

రెడింగ్_వాసి

డ్రైవర్ అన్నా, ఒక డౌటు. నిన్న మా ఆవిడ పేరు మీద ఓటరు జాబితాలో చేరమని ఉత్తరం వచ్చింది. డిపెండెంట్ వీసా, వచ్చి మూడేళ్లయింది. చేరితే జ్యూరీకి కూడా పిలుస్తారా?

నార్త్_లండన్_డ్రైవర్

మూడేళ్లంటే ఇప్పుడు కాదు తమ్ముడూ, పదమూడేళ్ల వయసు దాటాక కనీసం ఐదేళ్లు ఇక్కడ ఉండాలి. చేర్పించు. పిలుపొస్తే గీత అడగమను, ఉంటుంది.