పొంచి కాల్చే సైనికుడు వీరుడా, పిరికివాడా: ఒక బహుమతి మీద వాదం

మైలాపూరు తెలుగు పంతులు (చర్చ ప్రారంభం):

గత ఆదివారం త్యాగరాయనగర్‌లో ఒక తెలుగు సంఘం జరిపిన విద్యార్థుల వక్తృత్వ పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. అంశం "పొంచి ఉండి దూరం నుంచి కాల్చే స్నైపర్ వీరుడా, పిరికివాడా". పిరికివాడేనని వాదించిన పదకొండో తరగతి అమ్మాయికి నేను మొదటి బహుమతి ఇచ్చాను. సభ ముగిశాక ఒక పెద్దమనిషి నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, తెలియని సంగతికి మీరు మార్కులు వేశారు" అని, కాఫీ ఇస్తున్నా తీసుకోకుండా వెళ్ళిపోయారు. ఆ మాట నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు కనుక ఇక్కడ పెడుతున్నాను.

ఆ అమ్మాయి వాదాన్ని క్లుప్తంగా చెబుతాను. 2015 జనవరిలో అమెరికన్ సినీ దర్శకుడు మైఖేల్ మూర్, తమ బంధువొకరు రెండో ప్రపంచ యుద్ధంలో స్నైపర్ చేతిలో చనిపోయారనీ, స్నైపర్లు పిరికివాళ్ళని తమకు చిన్నప్పుడే నేర్పారనీ రాసి పెద్ద దుమారం రేపిన సంగతితో ఆమె మొదలుపెట్టింది. అక్కడి నుంచి నేరుగా కిష్కింధకు వచ్చింది. సుగ్రీవుడితో పోరులో తలమునకలై ఉన్న వాలిని చెట్టు చాటు నుంచి కొట్టినప్పుడు, నేలకూలిన వాలి రాముణ్ణి అడిగిన ప్రశ్నకు ఈనాటికీ మన ఇళ్ళలో జవాబు చెప్పుకోవలసి వస్తున్నదంటే, చాటు దెబ్బ తప్పని మన మనసుకు తెలిసినట్టే కదా అన్నది ఆమె తర్కం. ఎదుటివాడికి తన చావు ఎటు నుంచి వస్తున్నదో తెలుసుకునే అవకాశం కూడా ఇవ్వనివాణ్ణి వీరుడు అనలేమన్నది. వాదం చక్కగా నడిచింది. నేను మార్కులు వేసింది ఆ నడకకే. అయితే ఆ వాదం నిజమా కాదా అన్నది వేరే ప్రశ్న అని ఇప్పుడు అనిపిస్తున్నది. మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.

అన్నానగర్ ఇంజనీరు:

పంతులు గారూ, నమస్కారం. మీరు మన మద్రాసు హైకోర్టు తూర్పు గోడ దగ్గరి శిలాఫలకం చూసే ఉంటారు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ చీకటిలో తీరానికి వచ్చి, రేవులోని బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకుల మీద సుమారు 130 గుండ్లు పేల్చి, ఊరు తేరుకునేలోపు సముద్రంలో కలిసిపోయింది. గుండ్లు తగిలినవాళ్ళలో ఎవరికీ ముందుగా హెచ్చరిక లేదు, ఎదురు నిలిచే వీలూ లేదు. మరి లోకం ఆ నౌక కెప్టెన్ ఫాన్ ముల్లర్‌ను ఏమన్నది? శత్రువులైన ఆంగ్లేయులే ఆయనను మర్యాదస్థుడని మెచ్చుకున్నారు. అరవంలో నేటికీ గడుసువాణ్ణి "ఎమ్డన్" అంటారు. ఆ మాటలో కాస్త భయం, కాస్త మెప్పు ఉన్నాయి గానీ తిట్టు లేదు.

ఫిరంగి పేల్చేవాడు తాను చంపేది ఎవరినో చూడడు. విమానం మీద నుంచి బాంబు వదిలేవాడూ చూడడు. వాళ్ళెవరినీ పిరికివాళ్ళు అనని మనం, దుర్భిణిలో ఒక్క మనిషిని చూసి ఒక్క మనిషినే కాల్చేవాణ్ణి మాత్రం పిరికివాడు అంటున్నాం. దూరమే నేరమైతే ముందు ఫిరంగి దళాన్ని రద్దు చేయాలి.

ఇక ప్రమాదం లేదన్న మాట. 1939 చలికాలంలో సోవియట్ సేన ఫిన్లాండ్ మీదికి వచ్చినప్పుడు సీమో హేహా అనే రైతు మైనస్ 20 నుంచి 40 డిగ్రీల చలిలో మంచులో పడుకుని కాల్చేవాడు. దుర్భిణి అద్దం ఎండకు మెరిసి జాడ చెబుతుందని, దాన్ని వాడాలంటే తల ఇంకొంచెం పైకెత్తవలసి వస్తుందని, మామూలు తుపాకీ గురిపుల్లతోనే పని కానిచ్చేవాడు. ఊపిరి ఆవిరై పైకి లేవకుండా నోట్లో మంచు పెట్టుకునేవాడు. ఆయన చేతిలో 500 మందికి పైగా పోయారని లెక్క చెబుతారు. 1940 మార్చి 6న ఒక తూటా ఆయన దవడను చీల్చివేసింది. బతికి, 2002 దాకా ఉన్నాడు. ఇంత జాగ్రత్త అవసరమైన చోట ప్రమాదం లేదనడం ఎలా?

ఆవడి విశ్రాంత హవల్దారు:

పంతులు గారికి నమస్కారములు. కాఫీ తాగకుండా వెళ్ళింది నేనే. ఆ మొరటుతనానికి క్షమించగలరు. మా మాతామహుల ఊరు పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం. మిలిటరీ మాధవరం అంటేనే అందరికీ తెలుస్తుంది. నేను సైన్యంలో పని చేసి ఆవడిలో స్థిరపడ్డాను. ఇంజనీరు గారు నా పక్షాన మాట్లాడుతున్నామనుకుని ఉండవచ్చు. కానీ నేను ఆ తుపాకీ వెనక ఉన్నవాణ్ణి కాను, దాని గురికి ఎదురుగా ఉన్నవాణ్ణి.

1987 అక్టోబరులో శ్రీలంకకు భారత శాంతి సేనగా వెళ్ళిన మేము, తమిళ పులుల చేతిలో ఉన్న జాఫ్నా పట్టణంలోకి కాలినడకన చొరబడవలసి వచ్చింది. నేనప్పుడు లాన్స్ నాయక్‌ని. ఇరుకు సందులు, గోడల మీద తాటాకు దడులు, ప్రతి మిద్దె మీదా నీళ్ళ తొట్టి. ఎక్కడి నుంచో ఒకే ఒక్క చప్పుడు వినిపించేది, ఒక మనిషి కూలిపోయేవాడు. మొదట వైర్‌లెస్ సెట్ మోసేవాడు, ఎందుకంటే వాడి వీపు మీది ఏరియల్ దూరానికి కనిపిస్తుంది. తరువాత చెయ్యి ఊపి దారి చూపించేవాడు, ఎందుకంటే చెయ్యి ఊపేవాడు అధికారి అయి ఉంటాడు. రెండో రోజుకే మా అధికారులు భుజాల మీది బిళ్ళలు తీసేశారు, మేము వారికి సెల్యూట్ చేయడం మానేశాము. నూరు మంది ఉన్న కంపెనీ, కనపడని ఒక్కడి కోసం, నలభై గజాల వీధి దాటడానికి మధ్యాహ్నమంతా గోడకు ఆనుకుని కూర్చున్నది.

ఆ రోజు వాణ్ణి మేము ఏమని తిట్టామో ఈ వేదిక మీద రాయదగినది కాదు. "పిరికి పంద" అన్నది వాటిలో అతి మర్యాదైన మాట. ఆ అమ్మాయి వాడిన మాటే మేమూ వాడాము కనుక ఆమె మీద నాకు కోపం లేదు. నాకు కోపం వచ్చింది ఆ మాట వెనక ఉన్న సంగతి ఎవరికీ పట్టనందుకు. వాడు పిరికివాడని మేము నిజంగా అనుకోలేదు. పిరికివాడంటే మనకు భయం ఉండదు కదా. తూటా ఎటు నుంచి వచ్చిందో మేము కనిపెట్టిన మరుక్షణం ఆ మిద్దె మీద మోర్టార్ గుండ్లు పడతాయని, అక్కడి నుంచి దిగే దారి ఒక్కటేనని, తాను ఒంటరి అని వాడికి తెలుసు. అన్నీ తెలిసి రెండోసారి తుపాకీ మీట నొక్కినవాణ్ణి పిరికివాడు అనడం మాకు మేము చెప్పుకున్న ఊరట.

తరువాత చాలా ఏళ్ళకు ఆ కోపం దేనికో నాకు కొంచెం అర్థమైంది. ఎదురుకాల్పుల్లో ఉన్నప్పుడు నువ్వూ మనిషివే, అవతలివాడూ మనిషే. ఆ వీధిలో మాత్రం వాడు వేటగాడు, మేము కుందేళ్ళం. చావు భయం కన్నా ఆ చిన్నతనం ఎక్కువ బాధ పెట్టింది.

మైలాపూరు తెలుగు పంతులు:

హవల్దారు గారూ, క్షమాపణ చెప్పవలసినవాణ్ణి నేను. మీ చివరి మాట చదివి లేచి వాల్మీకం తీశాను. వాలి నిందకు రాముడు చెప్పిన జవాబుల్లో తమ్ముడి భార్యను చెరపట్టిన పాపం ఒకటి ఉన్నది, అది అందరికీ గుర్తుంటుంది. రెండో జవాబును మన పౌరాణికులు త్వరత్వరగా దాటేస్తారు. వలలు పన్ని, చాటున దాగి, మృగం ఎటు తిరిగి ఉన్నా కొట్టడం వేటలో దోషం కాదు, నీవు శాఖామృగానివి, అంటాడు రాముడు. చాటు దెబ్బకు సమర్థన కావాలంటే ఎదుటివాడు మృగం కావలసి వచ్చింది. ఆ అమ్మాయి వాలి ప్రశ్న దగ్గరే ఆగింది, నేను కూడా ఆగాను.

ఇంకొక సంగతి. స్నైపర్ అన్న మాటే వేట నుంచి, అందునా మన దేశం నుంచి పుట్టింది. ఉల్లంకి పిట్టను ఇంగ్లీషులో స్నైప్ అంటారు. చిత్తడి నేలల్లో నక్కి ఉండి, ఒక్కసారిగా లేచి వంకరటింకరగా ఎగిరే ఆ పిట్టను కొట్టడం కష్టం కనుక, 18వ శతాబ్దంలో ఇక్కడి ఆంగ్ల అధికారులు ఆ వేటను గొప్పగా చెప్పుకునేవారు. ఆ పిట్టలు ఇప్పటికీ చలికాలంలో మన పళ్ళికరణై చిత్తడికి వస్తాయి. మాటలోనే వేటగాడు ఉన్నాడు, వేట ఉన్నది. సైనికుడు తరువాత వచ్చి చేరాడు.

ఎగ్మూరు న్యాయవాది:

వేట అన్న పోలిక బాగున్నది గానీ, దానితో ఆగితే ఒక ప్రమాదం ఉన్నదని మనవి చేస్తున్నాను. మాటు వేయడాన్ని యుద్ధ చట్టం ఎన్నడూ నేరం అనలేదు. 1907 నాటి హేగ్ నిబంధనలు యుద్ధ తంత్రాలను అనుమతించాయి. 1977 నాటి జెనీవా అదనపు ఒప్పందం పరిసరాల్లో కలిసిపోయే రంగులు పూసుకుని దాగడాన్ని న్యాయమైన తంత్రంగా పేరు పెట్టి మరీ చెప్పింది. చట్టం నిషేధించింది ద్రోహాన్ని, అంటే తెల్ల జెండా ఎత్తి నమ్మించి కాల్చడం వంటి పనులను. కనుక దాగడం వేరు, నమ్మించి చంపడం వేరు. మన "దొంగదెబ్బ" అన్న మాట ఈ రెంటినీ కలిపేస్తుంది, ఆ అమ్మాయి వాదంలోని బలమూ లోపమూ అక్కడే ఉన్నాయి.

అసలు అడగవలసింది గురి ఎవరి మీద అన్నది. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా బోస్నియా రాజధాని సరాయెవో నగరం ముట్టడిలో ఉన్నప్పుడు, చుట్టుపక్కల కొండల మీద నుంచీ ఎత్తైన భవనాల నుంచీ స్నైపర్లు నీళ్ళ కోసం వీధి దాటే వాళ్ళను, ట్రాముల్లో కూర్చున్న వాళ్ళను, పిల్లలను కాల్చారు. ఒక వీధికి స్నైపర్ వీధి అనే పేరు పడిపోయింది. ఆ పనికి బాధ్యుడిగా ముట్టడి వేసిన బోస్నియా సెర్బుల సేనాధిపతి స్తానిస్లావ్ గాలిచ్‌కు, యుగోస్లావియా యుద్ధ నేరాల కోసం ఏర్పడిన అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2003లో 20 ఏళ్ళ శిక్ష వేసింది, 2006లో అప్పీలులో దాన్ని యావజ్జీవం చేసింది. ఇంజనీరు గారు అన్నట్టు ఫిరంగివాడు ముఖం చూడడు, స్నైపర్ చూస్తాడు. ఆ మాటను ఆయన మెచ్చుకోలుగా వాడారు, నేను దాన్నే అభియోగంగా వాడుతాను. దుర్భిణిలో చూసినవాడికి "పొరపాటున తగిలింది" అనే సాకు మిగలదు.

అన్నానగర్ ఇంజనీరు:

అమ్మా, మీ అభియోగం ఒప్పుకుంటాను. అయితే అది క్రౌర్యం, పిరికితనం కాదు. క్రూరుడు ధైర్యవంతుడు కూడా కావచ్చు.

వేళచ్చేరి గోదావరివాడు:

పెద్దలు రామాయణం దాకా వెళ్ళారు గానీ మన్యం దాకా వెళ్ళలేదు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో అల్లూరి సీతారామరాజు దళం చెట్లలో మాటు వేసి, ముందుగా నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, నెవిల్ హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను ఏరి కాల్చింది. (ఈ చర్చలో చచ్చినవాడి ఇంటిపేరు కవర్డ్ కావడం చరిత్ర చేసిన పరిహాసం. ఇంగ్లీషులో ఆ మాటకు పిరికివాడని అర్థం.) ఆ పనిని మనలో ఎవరైనా దొంగదెబ్బ అంటారా? ఆ రాజే మిరపకాయ టపా పంపి, ఫలానా స్టేషను మీదికి వస్తున్నానని ముందే చెప్పి మరీ వెళ్ళాడని కూడా గర్వంగా చెప్పుకుంటాము. కబురు పెట్టడమూ శౌర్యమే, మాటు వేయడమూ శౌర్యమే. ఎందుకంటే ఆయన మనవాడు. జాఫ్నా మిద్దె మీదివాడు మనవాడు కాడు. ఈ ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడే ఉన్నదని నా అనుమానం.

మైలాపూరు తెలుగు పంతులు:

గోదావరి గారూ, మీ అనుమానం నన్ను కూడా గుచ్చింది. అయినా అంతా పక్షపాతమే అంటే ఒప్పుకోలేను. ఆ సిపాయిలను పోనిచ్చిన సంగతి చూడండి. గురిలోకి వచ్చిన ప్రతివాణ్ణీ కాల్చగలిగి, కాల్చకుండా ఉండడం అక్కడ ఉన్నది. న్యాయవాది గారు అడిగిన ప్రశ్నకు అది ఒక జవాబు.

నా తప్పు మరొక చోట ఉన్నదనుకుంటున్నాను. వీరుడు అనగానే మనం తెగువను చూస్తాము, నిబ్బరాన్ని లెక్కలోకి తీసుకోము. తెగువ ఒక్క క్షణంలో బయటపడుతుంది, దానికి చూసేవాళ్ళు ఉంటారు. నిబ్బరం గంటల తరబడి కదలకుండా ఉండడం, దానికి సాక్షి ఉండడు. రెండూ ఒకే మనిషిలో ఉండవని కూడా కాదు. 1993 అక్టోబరు 3న సోమాలియా రాజధాని మొగదిషులో కూలిన హెలికాప్టరు దగ్గర గాయపడిన పైలట్‌ను కాపాడడానికి, తమను కిందికి దించమని పదే పదే అడిగి మరీ దిగి చనిపోయిన అమెరికన్ సైనికులు గోర్డన్, షుగార్ట్ ఇద్దరూ స్నైపర్లే. గాలిలో ఉండి కాల్చడం చాలదని తెలుసుకుని దిగారు. ఆ పోటీలో స్నైపర్ వీరుడని వాదించి ఓడిన కుర్రవాడికి ఈ సంగతి తెలిసి ఉంటే బహుమతి అతనిదే అయ్యేదేమో. బహుమతి మాత్రం వెనక్కి తీసుకోను. ఆ పిల్ల చేసిన తప్పేమీ లేదు. వచ్చే నెల సంఘం సమావేశంలో హవల్దారు గారు మాట్లాడడానికి ఒప్పుకుంటే, ఆమెను ముందు వరుసలో కూర్చోబెడతాను.

ఎగ్మూరు న్యాయవాది:

హవల్దారు గారిని ఒక్క ప్రశ్న అడగాలని ఉన్నది. ఇబ్బంది అనిపిస్తే జవాబు ఇవ్వనవసరం లేదు. ప్రపంచ యుద్ధాల్లో పట్టుబడిన స్నైపర్లను బందీలుగా తీసుకోకుండా అక్కడికక్కడే చంపిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఆ మిద్దె మీదివాడు మీకు దొరికాడా?

ఆవడి విశ్రాంత హవల్దారు:

దొరకలేదమ్మా. పొద్దు వాలాక పైకి ఎక్కాము. నీళ్ళ తొట్టి వెనక ఒక ఈత చాప, దాని మీద రెండు మోచేతులు ఆనిన గుంటలు, ఒక బిస్కెట్ల డబ్బాలో కొంచెం నీళ్ళు, మూడు ఖాళీ తూటా గొట్టాలు ఉన్నాయి. మూడే. ఆ రోజు మాలో పోయింది ముగ్గురు. వాడు గనక చేతికి చిక్కి ఉంటే నేను ఏం చేసేవాణ్ణో ఆ పిల్లల ముందు చెప్పలేను, ఇక్కడ రాయనూ లేను. సమావేశానికి వస్తాను, పంతులు గారూ. కాఫీ కూడా తాగుతాను.