"మైనే ఖోయా": పోయిందా, పోగొట్టుకున్నానా, పారేసుకున్నానా?

చాలా రోజుల తర్వాత నిన్న బస్సులో 'రాక్ ఆన్' పాటలు విన్నా. 2008 హిందీ సినిమా, అభిషేక్ కపూర్ డైరెక్షన్, శంకర్-ఎహసాన్-లాయ్ మ్యూజిక్, పాటలు జావేద్ అఖ్తర్ గారివి. ముంబైలో నలుగురు కుర్రాళ్ళ బ్యాండ్, పేరు మ్యాజిక్, గొడవపడి విడిపోతారు, ఏళ్ళు గడిచాక మళ్ళీ కలుస్తారు, అదీ కథ. అందులో "పిఛ్లే సాత్ దినోఁ మే" అనే పాట ఉంది కదా, వారం రోజుల్లో ఏమేం పోయాయో పాడే కుర్రాడు లెక్క చెప్తుంటాడు, లాండ్రీ బిల్లు, సగం చదివిన నవల, ఒకమ్మాయి ఫోన్ నంబరు, పేకముక్కల్లోంచి ఆటీన్ రాజు, వెండి ఉంగరం, వన్డే మ్యాచ్ పాసులు, కొత్త కూలింగ్ గ్లాసులు. ఇవన్నీ చెప్పి చివర్లో "మైనే ఖోయా" అంటాడు.

పక్కన మా చెల్లెలు కూర్చుని వింటోంది, "ఖోయా అంటే పోయిందనా అన్నయ్యా" అంది. అవునన్నాను గానీ బస్సు దిగేలోపే తప్పు చెప్పాననిపించింది. ఎందుకంటే "పోయింది" అన్నప్పుడు చేసినవాడు వాక్యంలోనే ఉండడు. నా పర్సు పోయింది. పర్సే లేచి వెళ్ళిపోయినట్టు చెప్తాం. హిందీలో "మైనే" అని ఉంది, అంటే నేనే, నా వల్లే. ఆ "నేను" రావాలంటే మనకి పోగొట్టుకున్నా, పారేసుకున్నా, పడేసుకున్నా, జారవిడుచుకున్నా, కోల్పోయా, ఇన్ని ఉన్నాయి, ఒక్కోదాని బరువు ఒక్కో రకం.

"కోల్పోయా" ఈ పాటకి అస్సలు సరిపడదు. అది పేపర్ భాష, ప్రాణాలు కోల్పోయారు, పదవి కోల్పోయారు. లాండ్రీ బిల్లు కోల్పోయాను అని ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు.

నా ఓటు "పారేసుకున్నా"కి. చిన్నప్పుడు స్కూల్ నుంచి గొడుగు లేకుండా తడుస్తూ ఇంటికొస్తే మా అమ్మ గుమ్మంలోనే ఆపి తువ్వాలుతో తల తుడుస్తూ "మళ్ళీ ఎక్కడ పారేసుకొచ్చావ్?" అనేది. ఆ మాటలో కోపం ఉంది, వీడింతే అన్న చనువూ ఉంది. పారేయడం వేరు, చెత్త పారేస్తాం, కావాలని చేసే పని. దానికి చివర "కొను" తగిలి పారేసుకొను అయ్యేసరికి అర్థమే తిరగబడి, అక్కర్లేనిది విసిరేయడం కాస్తా కావాల్సింది అజాగ్రత్తగా వదిలేయడం అయిపోయింది. పోగొట్టు కూడా అంతే చూడండి, నొప్పి పోగొట్టే మందు అంటే మంచిదే, అదే ఉద్యోగం పోగొట్టుకున్నాడు అంటే నష్టం. ఈ "కొను" చేసే పని నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది. ఇంకా మనసు పారేసుకున్నా అంటాం, నోరు పారేసుకున్నాడు అంటాం, అన్నిట్లోనూ అదుపు తప్పడం ఉంది, ఆ పాటలో కుర్రాడిదీ సరిగ్గా అదే స్థితి.

ఇంకో సంగతి. ఆ పాటలో ప్రాసలన్నీ దాదాపు ఇంగ్లీష్ మాటలమీదే నడుస్తాయి, కింగ్-రింగ్, ప్యాకెట్-జాకెట్ ఇలా, ఘడీ-బడీ లాంటిది మధ్యలో ఒకటి తగులుతుంది. పల్లవికి వచ్చేసరికి మాత్రం ఖోయా-రోయా (రోయా అంటే ఏడ్చా), అచ్చమైన హిందీ. వస్తువులకి బజారు మాటలు, బాధకి ఇంటి మాట. ఉర్దూ కవిత్వం అంత తెలిసిన జావేద్ గారు ఊరికే అలా రాసుంటారని నేననుకోను.

మీ ఊళ్ళో ఏమంటారో కూడా చెప్పండి.

కామెంట్: అన్నా, మా సిద్దిపేట దిక్కు పడగొట్టుకున్న అంటం. "ఫోన్ ఏడ పడగొట్టుకున్నవ్‌రా" అని మా నాయిన అడుగుతడు. పారేసుకున్న అంటె కొంచెం కావాలని చేసినట్టు ఇనిపిస్తది మాకు. పడగొట్టుకునుడు అంటె జేబుల నుంచి జారి పడ్డది, మనకు ఎరుకే లేదు అన్నట్టు.

నా జవాబు: తమ్ముడూ, భలే మాట ఇచ్చావ్. పోగొట్టు, పడగొట్టు, చెడగొట్టు, ఎగగొట్టు అన్నీ "కొట్టు" చేరి వచ్చినవే కదా, మా వైపు పడగొట్టడం అంటే గోడ పడగొట్టడమే, "కొను" పెట్టి వాడింది నేను వినలేదు. ఉంగరానికి మీ మాటే బాగా కుదురుతుంది, వేలి నుంచి జారిపోయేది కాబట్టి.

కామెంట్: సినిమా మొత్తానికి పారేసుకోవడం సరిపోతుందంటారా అండీ? రాబ్ సంగతేంటి మరి?

నా జవాబు: లేదు మేడం, సరిపోదు, మంచి ప్రశ్న అడిగారు. కీబోర్డ్ వాయించే రాబ్‌కి బ్రెయిన్ ట్యూమర్, చివరికి అతను దక్కడు. పోయిన మనిషి గురించి పారేసుకున్నాం అని తెలుగులో ఎవరి నోటా రాదు, పోగొట్టుకున్నాం అనే అంటాం. "కొడుకును పోగొట్టుకున్న తల్లి" అనే మాటలో ఎంత బరువుందో తెలుసు కదా. అదే బ్యాండ్‌లో పాడే ఆదిత్య, గిటార్ వాయించే జో మధ్య స్నేహం అయితే పారేసుకున్నదే, ఇద్దరూ నోరు పారేసుకుని, చేతులదాకా వచ్చి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి మాటల్లేవు. హిందీలో ఉంగరానికీ ఖోయా, స్నేహితుడికీ ఖోయా, రాబ్‌కీ ఖోయా. ఆ పాట సరదాగా మొదలైనా సినిమా అయ్యాక వింటే గొంతులో అడ్డం పడేది అందుకే, ఒకే మాట అన్నిటినీ మోస్తోంది. తెలుగులో రాస్తే మనం ఏదో ఒకటి ఎంచుకోవాలి, ఎంచుకోగానే మిగతాది జారిపోతుంది. అది నాకు నిజంగా బాధే.

కానీ మనకి మాత్రమే కుదిరేది ఒకటి రాత్రి తట్టింది. హిందీ పాటలో సాత్ అనే అంకె ఒకచోట, రోయా అనే ఏడుపు ఇంకోచోట. మనకి రెండూ ఒకే మాటలో ఉన్నాయి, ఏడు. అంకె ఏడూ అదే, "ఏడు, ఇంకా ఏడు" అని పిల్లల్ని కసిరేదీ అదే. అందుకే ధాన్యం కొలిచేటప్పుడు పెద్దవాళ్ళు ఏడు అనకుండా ఆరున్నొకటి అనేవాళ్ళు, ఎవరైనా ఏడుపు మొదలెడితే ఆరున్నొక్క రాగం అందుకున్నాడు అంటాం. రాక్ బ్యాండ్ పాటకి ఇంతకంటే ఏం కావాలి! "ఆరున్నొక్క రోజుల్లో పారేసుకున్నా" అని పల్లవి ఎత్తుకుని పొద్దున్నుంచి నాలుగైదు రకాలుగా పాడి చూశా, "రోజుల్లో" దగ్గర డ్రమ్స్ దెబ్బకి మాట కాస్త పొడుగైపోతోంది. "నాళ్ళలో" అంటే కొలతకి కుదురుతుంది గానీ ఆ కుర్రాడి నోట్లో నాళ్ళు అన్న మాట నమ్మబుద్ధి కాదు. ఎవరికైనా ఇంకో మాట తడితే ఇక్కడ రాయండి, సాయంత్రం గిటార్ మీద పట్టి చూస్తా.